ఒత్తిడి, మానసిక గాయం: నాడీ వ్యవస్థపై, ప్రవర్తనపై ప్రభావం

శరీరానికో మనసుకో ముప్పు ఎదురైనప్పుడు దాన్ని తట్టుకోవడానికి ఒళ్లంతా చేసుకునే సన్నాహాన్ని ఒత్తిడి అంటారు. జీవి మనుగడకు ఇది అవసరం. పాము కనిపించగానే, అది పామని పూర్తిగా తోచకముందే కాలు వెనక్కి పడటం ఈ సన్నాహం వల్లనే. అయితే ముప్పు ప్రాణాంతకమైనప్పుడు, తప్పించుకునే దారి లేనప్పుడు, అదే పనిగా తిరిగి తిరిగి వచ్చినప్పుడు, అది గడిచిపోయినా శరీరం సన్నాహాన్ని విరమించకపోవచ్చు. అలా నెలలు, ఏళ్ల తరబడి మిగిలిపోయే దెబ్బే మానసిక గాయం. యుద్ధం, అత్యాచారం, రోడ్డు ప్రమాదం, తుఫాను, ఇంట్లో రోజూ తగిలే దెబ్బలు, పసితనంలో ఎవరూ పట్టించుకోకపోవడం, ఏదైనా దీనికి కారణం కావచ్చు.

ఈ రెండూ పైకి ప్రవర్తనగానే కనబడతాయి. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, ఉన్నట్టుండి విరుచుకుపడటం, చెప్పింది చెప్పినట్టే మరిచిపోవడం, నలుగురిలోకి రాకుండా ముడుచుకుపోవడం, తాగుడుకు అలవాటు పడటం. చూసేవాళ్లు వీటిని పిరికితనమనీ పొగరనీ బద్ధకమనీ అంటారు. నూరేళ్ల పరిశోధన చెప్పేది మరొకటి. వీటిలో చాలావరకు ప్రాణం నిలుపుకోవడానికి నాడీ వ్యవస్థ నేర్చుకున్న పాఠాలు. ఆ సంగతి తెలియక సైన్యాలు గాయపడినవారిని శిక్షించాయి, న్యాయస్థానాలు వారి మాట నమ్మలేదు. అందుకే ఈ విషయంలో శరీరధర్మాన్నీ, మనుషులు ఇచ్చిన తీర్పుల చరిత్రనూ విడదీసి చెప్పడం కుదరదు.

ముప్పు ఎదురైన క్షణంలో

కళ్లు, చెవులు పంపిన ప్రమాద సంకేతం మెదడు లోపలి పొరల్లో ఉండే అమిగ్డలాను చేరుతుంది. అక్కడి నుంచి హైపోథలామస్‌కూ, మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్‌కూ కబురు వెళుతుంది. సహానుభూత నాడులు మేల్కొని, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగం నుంచి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదిలిస్తాయి. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కనుపాప విప్పారుతుంది, కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది, రక్తం పేగుల నుంచి కండరాలకు మళ్లుతుంది. భయంతో నోరు ఎండిపోవడం, కడుపులో దేవినట్టు ఉండటం ఈ సన్నాహం ఫలితాలే. హార్వర్డ్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో ఈ స్థితిని పోరాటానికో పలాయనానికో సిద్ధపడటంగా వివరించాడు.

దీని వెనకే నెమ్మదిగా నడిచే మరో గొలుసు ఉంది. హైపోథలామస్ విడుదల చేసే సీఆర్‌హెచ్ అనే హార్మోన్ పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ పంపే ఏసీటీహెచ్ అనే హార్మోన్ అడ్రినల్ గ్రంథుల పైపొరను కదిలిస్తాయి. ఆ పొర కార్టిసాల్‌ను తయారు చేస్తుంది. రక్తంలో కార్టిసాల్ గరిష్ఠ స్థాయికి చేరడానికి సుమారు ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అది శక్తిని సమకూరుస్తుంది, వాపును అదుపులో పెడుతుంది, చివరకు మెదడుకే తిరిగి చేరి 'ఇక చాలు' అని గొలుసును ఆపిస్తుంది. ఒత్తిడి శాస్త్రంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఈ ఆగడమే. గొలుసు మొదలవడం ఆరోగ్యమే. ఆగకపోవడం దగ్గరే జబ్బు మొదలవుతుంది.

కార్టిసాల్ నేరుగా మెదడు మీద పనిచేస్తుందన్న సంగతి 1968లో తేలింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో దానికి గ్రాహకాలు ఉన్నాయని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌ఇవన్ ఎలుకల్లో కనుగొన్నాడు. తరచూ సర్దుకుపోవలసి రావడం వల్ల శరీరం మీద పేరుకునే అరుగుదలను కొలవాలన్న ఆలోచనను 1993లో ఎలియట్ స్టెల్లార్‌తో కలిసి ముందుకు తెచ్చింది కూడా అతనే.

కాళ్లూ చేతులూ ఆడని స్థితి

కానన్ చెప్పినవి రెండు దారులే. మూడోది కూడా ఉంది, దాన్ని మనుషులు చాలా కాలం అర్థం చేసుకోలేదు. పోరాడలేక, పారిపోలేక చిక్కుపడిన జీవి కొయ్యబారిపోతుంది. కండరాలు బిగుసుకుంటాయి, గొంతు పెగలదు, చుట్టూ జరుగుతున్నది ఇంకెవరికో జరుగుతున్నట్టు ఉంటుంది. పిల్లి నోట చిక్కిన ఎలుకలో కనిపించేదీ ఇదే. మెదడు కాండంలోని నాడీ వలయాలు నడిపే ఈ స్థితికి ఇష్టాయిష్టాలతో పని లేదు. స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించిన పాలీవేగల్ సిద్ధాంతంతో దీన్ని వివరించడం ఇటీవల బాగా ప్రచారంలోకి వచ్చింది. అయితే ఆ సిద్ధాంతపు పరిణామ, శరీరధర్మ పునాదులను చాలామంది నిపుణులు ఒప్పుకోవడం లేదు. కొయ్యబారడం నిజం. దాని వివరణ మీదే వివాదం.

స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర చికిత్సాలయానికి వచ్చిన 298 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. దాడి సమయంలో తమ శరీరం చెప్పుకోదగినంతగా బిగుసుకుపోయిందని వారిలో 70 శాతం మంది చెప్పారు. అలా బిగుసుకుపోయినవారిలో ఆరు నెలల తరవాత మానసిక గాయం లక్షణాలు, కుంగుబాటు ఎక్కువగా కనిపించాయి.

మన దేశంలో ఈ స్థితి గురించిన అజ్ఞానానికి ఒక ఆదివాసీ బాలిక మూల్యం చెల్లించింది. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో, ఒంటి మీద గాయాల గుర్తులు లేవనీ ఆమె ప్రతిఘటించినట్టు కనబడదనీ చెప్పి సుప్రీంకోర్టు 1978లో నిందితులైన పోలీసులను విడిచిపెట్టింది. ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా ఆందోళన లేచింది, 1983లో చట్టం మారింది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ సమ్మతించినట్టు భావించరాదని చట్టంలో స్పష్టంగా రాసింది మాత్రం 2013 సవరణలోనే. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో అది కొనసాగుతోంది. అయినా 'అరవలేదెందుకు?' అన్న ప్రశ్న ఇళ్లలో, వీధుల్లో, విచారణ గదుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమె గుణంలో లేదు, మెదడు కాండంలో ఉంది.

పేరు లేని జబ్బు

అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుల్లో గుండె దడ, ఆయాసం చూసిన వైద్యుడు జేకబ్ డా కోస్టా 1871లో దాన్ని గుండె చికాకుగా వర్ణించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వణుకు, మూగతనం, మతిమరుపుతో వెనక్కి వచ్చిన సైనికుల గురించి రాస్తూ చార్లెస్ మైయర్స్ 1915లో 'షెల్ షాక్' అన్న మాటను వైద్య పత్రికలోకి తెచ్చాడు. ఫిరంగి గుండ్ల పేలుడు అదురుకు నాడులు దెబ్బతిన్నాయని మొదట అనుకున్నారు. పేలుడుకు దూరంగా ఉన్నవారికీ అవే లక్షణాలు రావడంతో ఆ వాదన నిలవలేదు. దాని స్థానంలోకి వచ్చింది పిరికితనమనే నింద. విధులు వదిలి పారిపోయారనీ, పిరికితనం చూపారనీ బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన తన సొంత సైనికుల్లో 306 మందికి ఆ దేశం 2006లో మరణానంతర క్షమాభిక్ష ప్రకటించింది. వారందరూ మానసికంగా గాయపడ్డవారే అని చెప్పలేం. కానీ తొంభై ఏళ్లు ఆ కుటుంబాలు ఆ మచ్చను మోశాయి.

అదే యుద్ధకాలంలో వేరే దారి చూపినవాడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్. అంతకుముందు నీలగిరి కొండల్లో తోడా గిరిజనుల మధ్య గడిపి 1906లో వారిపై పెద్ద గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త కూడా ఇతడే. ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రిలో అధికారులకు చికిత్స చేస్తూ, భయంకరమైన జ్ఞాపకాలను అణిచిపెట్టమనడం తప్పనీ, వాటిని మాటల్లో పెట్టి భరించగలిగేలా చేయాలనీ అతడు వాదించాడు. కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ 1917లో అతని రోగి.

ప్రయోగశాలలో మరో కథ నడిచింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యే ఎలుకలకు గ్రంథుల సారాలు ఎక్కిస్తూ, చలి, గాయం, విషం, ఏ దెబ్బ తగిలినా ఎలుకల శరీరంలో ఒకే మార్పులు రావడం గమనించాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బేవి, థైమస్ కుంచించుకుపోయేది, కడుపులో పుండ్లు పడేవి. 1936లో నేచర్ పత్రికలో అచ్చయిన అతని చిన్న లేఖ ఒత్తిడి శాస్త్రానికి పునాది అయింది.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల, స్త్రీవాద కార్యకర్తల డిమాండ్ మేరకు 1980లో అమెరికా మనోవైద్య సంఘం తన వర్గీకరణలో పీటీఎస్‌డీని, అంటే గాయానంతర ఒత్తిడి రుగ్మతను చేర్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది ప్రాణాలను తీసుకుపోయినప్పుడు వైద్యశాస్త్రంలో ఈ పేరు లేదు. మిగిలినవారి నిద్ర లేని రాత్రులను ఏ కేసు షీట్‌లోనూ రాసే వీలు లేదు.

మెదడులో మార్పులు

చేనును అడవి పందులు ఒకసారి మట్టగించాక, మంచె మీది కాపలాదారు ఆకు కదిలినా వడిసెల తిప్పుతాడు. గాయపడిన మెదడులో అమిగ్డలా చేసేది ఇదే. నిజమైన ముప్పును, దాన్ని పోలినదాన్ని వేరు చేసి చెప్పవలసిన హిప్పోక్యాంపస్, 'ఇది గతం, ఇప్పుడు ఏమీ లేదు' అని అదుపు చేయవలసిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ బలహీనపడటంతో ఆ కాపలా మరింత ముదురుతుంది. అందుకే పెట్రోలు వాసనకు, బూటు చప్పుడుకు, ఒక పాత సినిమా పాటకు ఒళ్లు మళ్లీ ఆ పాత క్షణంలోకి వెళ్లిపోతుంది.

ఈ రంగంలో బెంగళూరు పరిశోధనకు ప్రత్యేక స్థానం ఉంది. అక్కడి జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో సుమంత్ర చట్టర్జీ బృందం ఎలుకలను పది రోజుల పాటు రోజూ రెండు గంటలు కదలకుండా ఉంచింది. హిప్పోక్యాంపస్ నాడీకణాల కొమ్మలు ముడుచుకుపోయాయి, అమిగ్డలా కణాల కొమ్మలు మాత్రం పెరిగాయి. ఆ ఫలితం 2002లో వెలువడింది. ఎలుకలకు ఇరవై ఒక్క రోజులు విశ్రాంతి ఇచ్చి చూసినా అమిగ్డలాలో వచ్చిన ఎదుగుదల తగ్గలేదు, ఆందోళన పోలేదు. మరో ప్రయోగంలో ఒక్కసారి రెండు గంటల ఒత్తిడి పెడితే మర్నాడు మార్పేమీ లేదు, పది రోజులకు ఆందోళన బయటపడింది. ప్రమాదం నుంచి బయటపడిన మనిషి వారం రోజులు మామూలుగానే తిరిగి, ఆ తరవాత కూలబడటం చూసినవారికి ఇది బాగా అర్థమవుతుంది.

అయితే మెదడు చిత్రాలు చూసి తొందరపడకూడదు. పీటీఎస్‌డీ ఉన్నవారిలో హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉంటోందని తేలినప్పుడు, గాయమే దాన్ని కుదించిందని చాలామంది నమ్మారు. 2002లో మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం కవలలను పరిశీలించింది. వియత్నాం యుద్ధానికి వెళ్లి జబ్బుపడిన అన్నదమ్ములకే కాదు, యుద్ధం ముఖం చూడని వారి కవలలకూ హిప్పోక్యాంపస్ చిన్నదిగానే ఉంది. అంటే కొంతమేరకు అది ముందునుంచీ ఉన్న బలహీనత. కార్టిసాల్ కథా ఇలాంటిదే. దీర్ఘ ఒత్తిడిలో అది పెరుగుతుందనుకుంటే, పీటీఎస్‌డీ ఉన్న చాలామందిలో తక్కువగా ఉన్నట్టు రేచల్ యెహుడా చూపింది. ఒత్తిడి అంటే కార్టిసాల్ పెరగడమే అని చెప్పే ప్రచారాలు, దాన్ని తగ్గిస్తామంటూ అమ్మే పొడులు ఈ సంగతి దాచేస్తాయి.

జ్ఞాపకం విషయం మరింత జాగ్రత్తగా చెప్పాలి. భయంలో మనసు ముప్పు మీదే కేంద్రీకృతమవుతుంది. కత్తి గుర్తుంటుంది, పట్టుకున్న మనిషి చొక్కా రంగు గుర్తుండదు. వరసా సమయమూ చెదిరిపోవచ్చు. సాక్ష్యంలో చిన్న వివరాలు మారినంత మాత్రాన ఘటనే అబద్ధమనడం ఎంత తప్పో, ప్రతి జ్ఞాపకమూ ఫొటోలా నిజమనడమూ అంత తప్పు.

ప్రీఫ్రంటల్ కార్టెక్స్ కోలుకోగలదన్నది ఊరట కలిగించే సంగతి. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం, పెద్ద పరీక్షకు నెల రోజులు తయారైన వైద్య విద్యార్థుల్లో దృష్టిని ఒకదాని నుంచి మరోదానికి మార్చే శక్తి తగ్గిందనీ, ఒత్తిడి తగ్గిన నెలకు అది తిరిగి వచ్చిందనీ చూపింది. తెల్లవారుజామున లేపి అర్ధరాత్రి దాకా చదివించే ఇంటర్ హాస్టళ్లకు పిల్లలను పంపే తల్లిదండ్రులు ఈ ఫలితంలో రెండో సగాన్ని గమనించాలి. విరామం చదువుకు నష్టం కాదు, చదివే మెదడుకు అది అవసరం.

తీరని ఒత్తిడి

ఘటన ఏదీ లేకుండానే మనిషిని అరగదీసే ఒత్తిడి ఉంటుంది. అప్పు, అభద్రమైన ఉద్యోగం, మంచాన పడిన పెద్దలకు ఏళ్ల తరబడి చేసే సేవ. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న స్త్రీల చేతి మీద చిన్న గాయం చేసి చూసింది. మిగతావారి కన్నా వారి గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మన ఇళ్లలో ఈ సేవ భారం ఎక్కువగా కోడళ్ల మీదో, పెళ్లికాని కూతుళ్ల మీదో పడుతుంది. వారి అలసటను సహనం లేకపోవడంగా చూడటం అన్యాయం.

లండన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, పై అధికారుల కన్నా అట్టడుగు స్థాయి ఉద్యోగులే గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారు. పని ఎక్కువవడం కన్నా, తన పని మీద తనకు అదుపు లేకపోవడం ప్రమాదకరమని మైకేల్ మార్మట్ తరవాతి పరిశోధనలు సూచించాయి. తమిళనాడు చెరకు రైతుల మీద జరిగి 2013లో అచ్చయిన అధ్యయనంలో, అదే రైతు కోతకు ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు, ఆలోచనా పరీక్షల్లో వెనకబడ్డాడు. కోత తరవాత మెరుగుపడ్డాడు. దీనికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదనీ, డబ్బు చింతే మనసులో చోటంతా ఆక్రమించిందనీ పరిశోధకులు అన్నారు. పేదవాడికి తెలివి లేక పేదవాడయ్యాడనే మాటను ఆ రైతుల ఫలితాలే ఖండించాయి.

బాల్యం

ఎదుగుతున్న నాడీ వ్యవస్థ మీద దెబ్బ లోతుగా పడుతుంది. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా 1998లో కాలిఫోర్నియాలోని శాన్‌డియేగోలో జరిపిన సర్వే ఫలితాలు ప్రచురించారు. బాల్యంలో హింస, నిర్లక్ష్యం, ఇంట్లో తాగుడు వంటి నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాల చేదు అనుభవాలు ఉన్నవారికి మద్యపానం, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా ఉంది. ఇది జనసమూహానికి సంబంధించిన లెక్క. ఒక పిల్లవాడికి మార్కులు వేసి వాడి భవిష్యత్తు చెప్పడానికి దాన్ని వాడకూడదని ఆండానే తరవాత హెచ్చరించాడు.

1989లో నియంత చౌషెస్కూ పాలన కూలాక రొమేనియా అనాథాశ్రమాల స్థితి ప్రపంచానికి తెలిసింది. తిండి, పడక ఉన్నా ఎత్తుకునేవారు లేని పిల్లలు. బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధన 136 మంది పిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాల్లోకి చేర్చి, ఏళ్ల తరబడి గమనించింది. కుటుంబాల్లోకి వెళ్లినవారు కోలుకున్నారు, రెండేళ్ల వయసులోపు వెళ్లినవారు మరింత బాగా. పసిబిడ్డను ఒడిలో పెట్టుకోవడం మెదడుకు ఆహారమని దీనికన్నా బలంగా చెప్పిన రుజువు మరొకటి లేదనుకుంటాను.

గాయం తరతరాలకు జన్యువుల మీది గుర్తులుగా సంక్రమిస్తుందన్న మాట ఇప్పుడు విరివిగా వినబడుతోంది. మైకేల్ మీనీ బృందం 2004లో, తల్లి ఎక్కువగా నాకి సాకిన ఎలుక పిల్లల్లో ఒత్తిడి జన్యువు పనితీరు మారుతుందని చూపింది. మనుషుల్లో ఆ సంక్రమణకు ఇప్పటిదాకా దొరికిన ఆధారం బలహీనం. తండ్రి గాయం కొడుకును చేరడానికి అతని తాగుడు, మౌనం, కోపం చాలు.

కోలుకోవడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గాయపరచగల ఘటనను ఎదుర్కొంటారు. వారిలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి. నాడీ వ్యవస్థ చాలామందిలో తనంతట తాను సర్దుకుంటుంది. చుట్టూ అయినవారు ఉండటం ఇందులో పెద్ద అండ. దడుసుకున్న పిల్లవాడికి తాయెత్తు కట్టించి రాత్రంతా పక్కన కూర్చునే అమ్మమ్మ ఇచ్చేది ఆ అండే.

మంచి ఉద్దేశంతో చేసే రెండు పనులు మాత్రం మానాలి. ఘటన జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించడం జబ్బును ఆపదని పరీక్షల్లో తేలింది. తొలి నెలలో డయజిపామ్ తరగతి మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. భద్రమైన చోటు, తిండి, అయినవారి కబురు, చెప్పాలనిపిస్తే వినే మనిషి, తొలి రోజుల్లో కావలసినవి ఇవే.

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, దూరంగా తప్పించుకు తిరగడం తగ్గకపోతే చికిత్స అవసరం. ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతిలో రోగి భద్రమైన చోట, శిక్షణ పొందిన చికిత్సకుని తోడుతో భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటాడు. పాత భయం చెరిగిపోదు. దాని పైన కొత్త పాఠం బలపడుతుంది, అందుకే కొన్నిసార్లు భయం తిరగబెడుతుంది. ఫ్రాన్సీన్ షపీరో 1980ల చివర తెచ్చిన ఈఎండీఆర్, అంటే కళ్లను అటూఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలుచుకునే పద్ధతి కూడా పనిచేస్తుంది, అందులో కనుకదలికల పాత్రపై చర్చ ఉన్నా. సెర్ట్రాలిన్, పారాక్సెటిన్ వంటి మందులు కొందరికి మేలు చేస్తాయి.

చికిత్సకులు తక్కువ ఉన్న దేశంలో దీన్ని జనానికి చేర్చడం ఎలాగో భోపాల్ నేర్పింది. 1984 డిసెంబరులో విషవాయువు లీకైన తరవాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నుంచి ఆర్. శ్రీనివాసమూర్తి, మోహన్ ఐజాక్ అక్కడి సాధారణ వైద్యులకే మానసిక బాధలను గుర్తించి చికిత్స చేయడంలో శిక్షణ ఇచ్చారు. ఒడిశా పెను తుఫాను, సునామీ సమయాల్లోనూ నిమ్హాన్స్ బృందాలు పనిచేశాయి.

చట్టం కూడా ఈ శాస్త్రాన్ని అంగీకరించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వారికి సంరక్షణ, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి నిద్రపోకుండా, ఉలిక్కిపడుతూ ఉంటే వారిని తప్పుపట్టకుండా ఆ నంబరు కలిపి ఇవ్వండి.